తుఫాను వెళ్లాక విశాఖ నుంచి భీమిలికి పడవలో – ఎవరైనా వెళ్లారా?

మురళీనగర్ అబ్బాయి అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మాది విశాఖే, మురళీనగర్. ఉద్యోగం హైదరాబాద్‌లో. ఈ నెలాఖరున నాన్నగారిని తీసుకుని నాలుగు రోజులు ఊరికి వస్తున్నాను. ఆయనకి 74 ఏళ్లు. పుట్టింది భీమిలిలో, అయిదో క్లాసు దాకా చదివిందీ అక్కడే. ఆయన తాతగారు భీమిలి రేవులో గుమాస్తా. ఓడ దూరంగా లంగరు వేసుకుంటే ఈయన సరుకు పడవెక్కి వెళ్లి, జనపనార బేళ్లు లెక్క రాసుకుని, మళ్లీ అదే పడవలో తడిసి ముద్దయి ఇంటికొచ్చేవారట. "భీమిలిని నీళ్ల మీంచి చూడాల్రా. ఒడ్డు మీద నిలబడి చూస్తే ఏం తెలుస్తుంది?" అనేవారట. ఈ మాట నాన్నగారు నాకు చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చెప్పడమే గాని ఆయనా ఒక్కసారీ చూడలేదు.

మొన్నటి తుఫాను దాటి వారం అవుతోంది. బీచ్ రోడ్డు ఒకచోట కోసుకుపోయిందని మా కజిన్ చెప్పాడు. ఎలాగూ రోడ్డు బాగాలేదు కదా, ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఫైబర్ బోటు మాట్లాడుకుని నాన్నగారిని సముద్రం మీదే భీమిలి తీసుకెళ్తే ఎలా ఉంటుందని ఆలోచన. ఎంతసేపు పడుతుంది? అక్కడ దిగడానికి వీలవుతుందా? తుఫాను వెళ్లిపోయాక సముద్రం అద్దంలా ఉంటుందని ఆఫీసులో ఒకతను అన్నాడు, నిజమేనా? నాన్నగారికి బీపీ ఉంది, అరకు ఘాట్ రోడ్డులో వాంతులవుతాయి. అది తప్ప గట్టిగానే ఉన్నారు.

900కె కిటికీ సీటు:

బాబూ, మీ ఆఫీసతను ఏ సముద్రం చూశాడో కనుక్కో ముందు. మీర్‌పేట చెరువై ఉంటుంది.

2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్ సరుకు ఓడ 'మా' లంగరు ఆగక ఈడ్చుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లెక్కింది. అది తుఫాను కూడా కాదు, ఉత్త వాయుగుండం. ఊరంతా వెళ్లి సెల్ఫీలు దిగాం. అంత ఇనప ఓడకే దిక్కు లేకపోతే, 74 ఏళ్ల పెద్దాయన్ని ఫైబర్ తెప్పలో కూచోబెడతావా? భీమిలి వెళ్లే 900కె బస్సెక్కు, కుడివైపు కిటికీ సీటు పట్టు. దారి పొడుగునా సముద్రమే. వాంతులొస్తే దిగొచ్చు కూడా.

ఇంజన్ మేస్త్రి:

పై ఆయన బస్సెక్కమన్నది సబబే గాని, అడిగినవాడికి జవాబు రాలేదు. నేను చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

నేను ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగుచేస్తాను. ముప్ఫై ఏళ్లు దాటింది. తుఫాను తర్వాత పడవలో భీమిలి వెళ్లారా అంటే, వెళ్లాను. ఒక్కసారే. 2014లో, హుద్‌హుద్ వెళ్లిన అయిదో రోజున.

ఆ ఆదివారం, అక్టోబరు 12, విశాఖలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. పొద్దున్నుంచి గాలి ఒక పక్క నుంచే కొట్టింది. మధ్యాహ్నానికి ఆగింది. మా వీధిలో జనం బయటికొచ్చి పడిన చెట్లు లెక్కపెట్టుకోవడం కూడా మొదలుపెట్టారు. తుఫాను కన్ను మా నెత్తి మీద ఉందని మాకేం తెలుసు? కాసేపటికి ఎదురు పక్క నుంచి అందుకుంది. హార్బర్‌లో బోట్లన్నీ మొదటి గాలికి సరిపడా కట్టుకున్నవి. దేని పక్కన ఏది ఉండాలో చూసుకుని, మధ్యలో టైర్లు వేలాడదీసి, తాళ్లు బిగించి. రెండో గాలికి ఆ తాళ్లే కొంప ముంచాయి. తెగిన బోటు పక్కదాన్ని కూడా ఈడ్చుకుపోయింది. గంటకి 180 కిలోమీటర్ల గాలి అని తర్వాత పేపర్లో వేశారు. మా షెడ్డు రేకు ఒకటి లేచిపోయి పక్క గోడకి అతుక్కుంది. సాయంత్రం గాలి తగ్గేదాకా అది అక్కడే టపటపా కొట్టుకుంటూనే ఉంది. హుద్‌హుద్ అంటే నాకు ఆ చప్పుడే.

మా అక్కని ఇచ్చింది భీమిలి. ఫోన్లు లేవు. కరెంటు లేదు. పెట్రోలు బంకుల దగ్గర బాటిళ్లు పట్టుకున్న జనం. మూడో రోజు నడిచే పోదామని బయల్దేరి హనుమంతవాక దాకా వెళ్లి, పడిపోయిన చెట్ల మీద ఎక్కి దిగలేక వెనక్కొచ్చేశాను. అయిదో రోజు చీకటితోనే ఒక బోటు ఓనరు తలుపు కొట్టాడు. అతని ఫైబర్ బోటు కొట్టుకుపోయి భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసకలో కూరుకుపోయి ఉందని ఎవరో కబురు తెచ్చారట. బోటు ఎలాగూ పోయింది, ఇంజనైనా దక్కుతుందేమో, రా అన్నాడు.

మునిగిన ఇంజన్ సంగతి ఒకటి చెప్పాలి. ఉప్పునీళ్లలో పూర్తిగా మునిగి ఉన్నంతసేపూ అది నెమ్మదిగానే పాడవుతుంది. పైకి తీసి గాలి తగిలిందా, అక్కణ్నుంచి తుప్పు పరుగెడుతుంది. తీసిన చోటే, తీసిన రోజే కడిగెయ్యాలి. అంటే మేస్త్రి వెళ్లాలి, పానాల సంచి వెళ్లాలి, 20 లీటర్ల డబ్బాలో డీజిల్ వెళ్లాలి. ఆ బరువుతో రోడ్డు మీద పోయే దారి లేదు. అతని బాధ ఇంజను, నా బాధ అక్క. ఇంకొకాయన తెప్ప ఒకటి బతికి ఉంటే అది తీసుకుని, పడవ నడిపే సరంగు ఒకడు, ఒక కుర్రాడు, మేమిద్దరం ఆరింటికల్లా బయల్దేరాం.

సముద్రం అద్దంలా ఉంటుందా అని అడిగారు. పైకి అలాగే ఉంది. ఆకు కదిలే గాలి కూడా లేదు. కాకపోతే ఆ అద్దం కింద ఎవరో లేచి కూచుంటున్నట్టు, నురగ లేని లావుపాటి కెరటాలు. తెప్ప మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది. దిగినప్పుడు ఒడ్డు కనపడదు. అప్పటికి ఆ తుఫాను నేపాల్ కొండల దాకా పోయి, మంచు కురిసి అక్కడ కూడా మనుషుల్ని చంపింది. ఇక్కడ మాత్రం దాని కుదుపు నీళ్లలో ఇంకా మిగిలే ఉంది.

కెరటాన్నైతే చూసి తప్పుకోవచ్చు. దుంగని చూడలేం. గెడ్డల్లోంచి, నదుల్లోంచి కొట్టుకొచ్చిన చెట్లు నీళ్లకి ఒక జానెడు కింద తేలుతుంటాయి. కుర్రాణ్ని ముందు కూచోబెట్టాం. వాడు "కొయ్య! కొయ్య!" అని చెయ్యి ఏ పక్క చూపిస్తే దానికి రెండో పక్కకి సరంగు తిప్పడం. దారంతా ఇదే. తెగిన వలలు ఇంకో పీడ. సాగర్‌నగర్ ఎదురుగా వల ముక్క ఒకటి తెప్పని తోసే ఇంజన్ ఫ్యానుకి చుట్టుకుంది. ఇంజన్ ఆపి, పొడుగు షాఫ్టు పైకి లేపి, నేను ఒరిగి కత్తితో కోస్తున్నాను. ఇంజన్ ఆగిన తెప్ప కెరటానికి అడ్డం తిరిగి దొర్లడం మొదలెట్టింది. ఆ నైలాన్ దారం ఫ్యాను మూలాల్లో వేడికి కరిగి గట్టిగా ఉండ కట్టేసింది, కత్తి దిగదు. పది నిమిషాలు. పొద్దున్న తాగిన టీ, తినని టిఫిన్ కూడా సముద్రానికిచ్చేశాను. అప్పటికే ఇరవై ఏళ్లుగా హార్బర్‌లో ఉన్నవాణ్ని నేను. మీ నాన్నగారికి అరకు ఘాట్‌లోనే తిప్పుతుందన్నారు కదా, అందుకని చెప్తున్నాను.

ఇక ఒడ్డు. దాన్ని చూసి మాకు నోట మాట రాలేదు. కైలాసగిరి తెలుసుగా మీకు. ఆ రోజు అది కార్చిచ్చు అంటుకుని ఆరిపోయిన కొండలా ఉంది. నిప్పేం లేదు, ఒక్క ఆకు మిగల్లేదంతే. రుషికొండా అంతే, ఆ పైన కొండలన్నీ అంతే. సరంగులు కొండ గురుతు పెట్టుకుని నడుపుతారు. కొండ మీద ఫలానా చెట్టు, దాని కింద ఒడ్డున ఫలానా సరుగుడు తోపు. రెండూ ఒక్క గీతలోకి వచ్చాయంటే కింద రాయి ఉంది తప్పుకోమనో, ఇక్కడ వల దించమనో లెక్క. జీపీఎస్‌లు వచ్చినా ఒడ్డు వారన మాత్రం కళ్లే. ఆ రోజు చెట్టూ లేదు, తోపూ లేదు. మా సరంగుకి అరవై దాటాయి, పన్నెండో ఏట నుంచి అదే ఒడ్డు చూస్తున్నాడు. నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, "ఏటిది... మన ఒడ్డేనేటి ఇది?" అన్నాడు. నన్ను కాదు, తనలో తనే. చివరికి ఎర్రమట్టి దిబ్బలు వచ్చాక తెలిసింది ఎక్కడున్నామో. అక్కడ నీళ్లు చిక్కటి టీ రంగులో ఉన్నాయి. దిబ్బల్లోంచి గెడ్డ కొట్టుకొచ్చిన ఇసక ఒడ్డు నుంచి చాలా దూరం దాకా ఎర్రగా పరుచుకుని ఉంది. ఏ గాలీ పీకలేని గురుతు అదొక్కటే మిగిలింది మాకు.

రెండున్నర గంటల ప్రయాణం అనుకున్నది నాలుగు గంటలు పట్టింది. భీమిలి ముందుకి వచ్చాం.

మీ ముత్తాతగారు చెప్పింది నిజం. ఒడ్డు మీద నిలబడితే భీమిలి అంటే ఒక బీచి, నాలుగు బజ్జీల బళ్లు. నీళ్ల మీంచి చూస్తే వెనక పావురాళ్ల కొండ, దాని ముందు ఊరు, ఊరి ముందు పొట్టి పాత దీపస్తంభం, కుడిచేతి పక్కన గోస్తనీ వచ్చి కలిసే తెల్ల గీత. అన్నీ మన వైపే తిరిగి ఉంటాయి. పెరటి వైపు నుంచి రోజూ వెళ్లే ఇంటికి మొదటిసారి వీధి గుమ్మం చూసినట్టుంటుంది. మా అక్కకి పెళ్లయి అప్పటికి పదహారేళ్లు, నేను ఆ ఊరికి వందసార్లు వెళ్లుంటాను. ఆ గుమ్మం ఆ రోజే చూశాను.

కానీ దిగడం ఉంది చూశారూ. అక్కడ అప్పుడు జెట్టీ లాంటిదేం లేదు. మొగ దగ్గర ఇసక మేట జరిగిపోయింది. ఇదివరకు లోపలికి దారున్న చోట ఇప్పుడు కెరటం విరుగుతోంది. సరంగు బయటే ఆపేశాడు. అరగంట. ఏం చేస్తున్నావయ్యా అంటే మాట్లాడడు, వేళ్లు మడుస్తున్నాడు. పెద్ద కెరటాలు వరసగా వస్తాయి, ఆ తర్వాత కాస్త సందు ఇస్తాయి. ఆ సందు కోసం లెక్క. దొరికింది అనుకోగానే ఇంజన్‌కి రేజు మొత్తం ఇచ్చి ఉరికించాడు. అయినా వెనక నుంచి ఒకటి తోసింది. డీజిల్ డబ్బా ఎగిరొచ్చి నా మోకాలి మీద పడింది. మచ్చ ఇంకా ఉంది. 74 ఏళ్ల మోకాలైతే మచ్చతో పోదు.

బోటు రెండు ముక్కలు. ఇంజను మెడ దాకా ఇసకలో. చేతుల్తో, కంచాలతో తవ్వాం. ఇంజెక్టర్ విప్పి ఫ్లైవీల్ మీద చెయ్యి వేశాను. కదిలిందా బతికినట్టు, లేకపోతే పాత ఇనప సామాన్లకి అమ్ముకోవడమే. కాస్త బిగిసింది, తర్వాత కదిలింది, ఇంజెక్టర్ కన్నంలోంచి ఉప్పునీళ్లు ఎగజిమ్మి తిన్నగా నా కళ్లలో పడ్డాయి. ఆ మంటకి నేను నవ్వుతుంటే ఓనరు భయపడ్డాడు. కింద నట్టు విప్పితే ఆయిల్ పాలెక్కువైన కాఫీలా కారింది. ముందు మంచినీళ్లతో కడగాలి. ఊళ్లో తాగడానికే నీళ్లు లేవు, ఇంజనుకి ఎవరిస్తారు? మా అక్క వాళ్ల వీధిలో బావి ఉంది, ఉప్పగా ఉండి ఎవరూ తాగరు. సముద్రం కన్నా నయమే కదా అని పది బిందెలు తోడి ఇచ్చారు. తర్వాత డీజిల్ పోసి తిప్పడం, కారబొయ్యడం, మళ్లీ పొయ్యడం. మూడుసార్లు.

అక్క ఇంటి పెంకులు సగం లేవు. తను వాకిట్లో కూచుని కొబ్బరి బోండాలు కొడుతోంది. ఊరంతా కొబ్బరిచెట్లు పడిపోయి కాయలు గుట్టలుగా పడున్నాయి. తాగేది అవే, పిల్లలకి పెట్టేది ఆ లేత కొబ్బరే. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, ఎలాగోలా వస్తానని తెలుసట. పడవలో వచ్చానని చెప్పాక మాత్రం కత్తి పక్కన పెట్టి మరీ తిట్టింది. సాయంత్రం వాళ్ల మేక కనపడక ఒలందుల, అదే డచ్చివాళ్ల సమాధుల వైపు వెతుక్కుంటూ వెళ్లాం. మూడొందల ఏళ్ల నాటివి అంటారు. చుట్టూ చెట్లు పడున్నాయి. ఆ గోపురాల్లాంటి సమాధులు మాత్రం ఎక్కడివక్కడే. మేక వాటి మధ్యన నిలబడి పడిన కొమ్మల ఆకులు తింటోంది. ఆ వారంలో కడుపు నిండా తిన్నది అదొక్కటేనేమో.

ఇప్పుడు మీ సంగతి. హార్బర్ నుంచి బోటు వద్దు. అది చేపల లైసెన్సు, మనుషుల్ని ఎక్కించుకునేది కాదు. ఏదైనా అయితే మీకు నాన్నగారు, ఆ సరంగుకి బతుకుతెరువు. డబ్బులకి ఎవడో ఒకడు ఒప్పుకుంటాడు, అందుకే ముందే చెప్తున్నా. ఎలాగూ పోర్టులో ఎగరేసే మూడో నంబరు ప్రమాద సూచిక దించి, వేటకి వెళ్లొచ్చని చెప్పేదాకా ఎవరూ తాడు విప్పరు. విప్పినా ఇంకో నెల దాకా ఆ దుంగలు నీళ్లలోనే ఉంటాయి. నీళ్ల మీద సరదా తీరాలంటే సముద్రం నెమ్మదించాక రుషికొండలో బోటు షికారు ఉంటుంది, లైఫ్ జాకెట్ ఇస్తారు. భీమిలి కనపడదు గాని.

గంటస్తంభం వీధి:

మేస్త్రిగారూ, ఆ ఉప్పబావి మా వీధి పక్కదే. ఆ బిందెల్లో రెండు మావి అయ్యుండొచ్చు. ఇంజను కడగడానికి నీళ్లు అడుగుతున్నారంటే ఎవరికో పిచ్చెక్కిందనుకున్నాం అప్పుడు.

నేను ఇక్కడే హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. అలవాటు కొద్దీ రెండు దిద్దుబాట్లు. అబ్బాయీ, మీ ముత్తాతగారు లెక్క రాసింది జనపనార కాదు, గోగునార అయ్యుంటుంది. మనం పచ్చడి చేసుకునే గోంగూర జాతే. దాని నార ఈ రేవు నుంచి ఎంత వెళ్లిందంటే, బయటి దేశాల మార్కెట్లో దానికి మా ఊరి పేరే పెట్టి 'బిమ్లి జూట్' అన్నారు. మేస్త్రిగారి మూడొందల ఏళ్ల లెక్క కూడా కాస్త తక్కువే. ఒలందులు ఇక్కడ కొట్టు పెట్టింది 17వ శతాబ్దంలో. ఊరిని ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పి వెళ్లిపోయింది 1825లో. 1861కే మాకు మునిసిపాలిటీ ఉంది, దేశంలోనే పాతవాటిల్లో ఒకటి. ఇప్పుడు విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీలో కలిపేశారు. పన్ను కట్టేటప్పుడు తప్ప ఆ తేడా తెలియదు.

ఓడ దూరంగా ఎందుకు ఆగేదని పిల్లలు అడిగేవాళ్లు. ఇది తెరిచి ఉన్న తీరం, ఓడని గాలి నుంచి కాచే గోడ లేదు, ఒడ్డున లోతు లేదు. సరుకంతా పడవల మీదే ఎక్కాలి, కెరటం దాటాలి. 1933లో విశాఖపట్నం హార్బర్ తెరిచాక, ఓడ నేరుగా గట్టుకే ఆనుకుంటుంటే ఇక్కడికెందుకొస్తుంది? మీ ముత్తాతగారి ఉద్యోగం చల్లబడింది కూడా ఆ రోజుల్లోనే అయ్యుంటుంది. నాన్నగారిని అడిగి చూడండి.

ఇక అసలు సంగతి. నీళ్ల మీంచి చూడాలంటే నీళ్లెక్కక్కర్లేదు. భీమిలి దాటి భోగాపురం వైపు వెళ్లే రోడ్డులో గోస్తనీ మీద వంతెన ఉంది. అది దాటి అవతలి ఒడ్డున ఇసకలోకి నడిచి, వెనక్కి తిరిగి చూడండి. మధ్యలో ఏరు, మొగ, అవతల ఊరు, ఊరి వెనక కొండ. మేస్త్రిగారు చెప్పిన గుమ్మమంతా కాదు గాని, సగం తలుపు తీసినట్టుంటుంది. పొద్దున్న ఏడు లోపు వెళ్లండి, తర్వాత ఇసక కాళ్లు కాలుస్తుంది. తుఫాను ఇసక కనక కర్ర ఆనించి చూసుకుంటూ నడవండి. మొగ దగ్గరికి మాత్రం పోవద్దు. అక్కడ ఇసక పైకి గట్టిగా కనపడుతుంది, కింద నీరు కోసేసి ఉంటుంది. పావురాళ్ల కొండ ఎక్కించొద్దు. పైన బౌద్ధ భిక్షువులు వాన నీటికి తొలిపించిన తొట్లున్నాయి, చూడదగ్గవే, కానీ 74 ఏళ్ల మోకాళ్లకి కాదు. ఒలందుల సమాధులు, సెయింట్ పీటర్స్ చర్చి, గంటస్తంభం పక్కపక్కనే, నడుస్తూ చూడొచ్చు. కాఫీకి మా ఇంటికి రండి అని రాద్దును గాని, ఇక్కడ అడ్రసు పెట్టకూడదన్నారు.

900కె కిటికీ సీటు:

ఆ వంతెన దాకా కూడా బస్సులోనే వెళ్లొచ్చు. భీమిలిలో దిగి ఆటో ఎక్కడమే. ఊరికే చెప్తున్నా.

మేస్త్రీ, ఇంతకీ ఆ ఇంజను పనిచేసిందా లేదా? అంత కథ చెప్పి అసలుది వదిలేశావు.

మురళీనగర్ అబ్బాయి:

వెళ్లొచ్చాం. బోటు ఆలోచన మానేశాను. నాన్నగారికి మేస్త్రిగారి పోస్టు మొత్తం చదివి వినిపించాను. వాంతి దగ్గరికొచ్చేసరికి "ఇంక చాలు" అన్నారు.

బీచ్ రోడ్డు ఒక పక్క మాత్రమే వదులుతున్నారు, అయినా ఆరున్నరకల్లా వంతెన దగ్గరున్నాం. నాన్నగారు చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలోకి నడిచారు, నేను వెనక కర్ర పట్టుకుని. ఏరు ఎర్రగా, నిండుగా ఉంది. అరటి బోదె ఒకటి మా ముందు నుంచే సముద్రంలోకి పోయింది. ఆయన వెనక్కి తిరిగి ఊరిని చాలాసేపు చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ఏదో అంటారని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని నిలబడ్డాను.

"దీపస్తంభం ఇంత పొట్టిదా? తాతయ్య చెప్పినదాన్ని బట్టి నేను కనీసం కుతుబ్‌మినారంత అనుకున్నానే," అన్నారు.

టీచర్‌గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. ముత్తాతగారు రేవు ఉద్యోగం మానేసి చిట్టివలస జూట్ మిల్లులో పద్దులు రాయడానికి చేరారట. ఏ సంవత్సరమో నాన్నగారికి తెలీదు. బేళ్లు లెక్కపెట్టే పని మాత్రం అక్కడా తప్పలేదట. కాకపోతే పొడి బట్టలతో ఇంటికొచ్చేవారు.

ఇంజన్ మేస్త్రి:

సంతోషం బాబూ.

కిటికీ సీటు గారూ, పనిచేసింది. వారం తర్వాత హార్బర్‌లో రెండో హ్యాండిల్‌కే అందుకుంది, పొగ మాత్రం ఊరంతా పట్టింది. రెండుసార్లు రింగులు మార్చాను. ఓనరు కొత్త బోటు కొనలేక దాన్ని పూడిమడక వాళ్లెవరికో అమ్మేశాడు. అలా అమ్మబట్టే 2023 నవంబరులో మా హార్బర్ బోట్లు తగలబడినప్పుడు అది ఇక్కడ లేదు. కిందటేడు కూడా పంపు లీకవుతోందని నా దగ్గరికే తెచ్చారు. ఇంజెక్టర్ విప్పేటప్పుడు మొహం పక్కకి పెట్టుకున్నాను.